కాలిన్ కౌంటీలో ఏడెకరాలు కొని కోళ్లూ మేకలూ పెట్టుకోవచ్చా, లేక ఆ రోజులు దాటిపోయాయా?

ఫ్రిస్కో_బాటసారి

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదువుకుని వెళ్లిపోయేవాణ్ణి, ఈసారి రాయక తప్పలేదు.

టెక్సస్‌లో డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో పదేళ్ల నుంచి ఉంటున్నాం. ఇంటి వెనక పెరడు ఉంది. పెరడంటే మా ఊళ్లో గేదెని కట్టేసే జాగా ఎంతో అంత. మా ఆవిడ ఆఫీసు ప్లేనోలో, వారానికి మూడు రోజులు వెళ్లాలి. నాది ఇంటి నుంచే పని. చాలాకాలంగా ఒకటే ఆశ, ఇక్కడివాళ్లు హోమ్‌స్టెడ్ అంటారే, అలాంటిది: కాస్త నేల, ఇరవై కోళ్లు, రెండు మేకలు, నాలుగు తేనెటీగల పెట్టెలు, ఇంటికి సరిపడా కూరగాయలు. ఉద్యోగం మానేసి రైతునైపోతానని కాదు, అంత పిచ్చి లేదు.

ఫార్మర్స్‌విల్‌కి ఉత్తరాన ఏడెకరాలు చూశాం. ఊరి హద్దు బయట. ఇప్పుడు ఎవరో గడ్డి కోసుకుంటున్నారు. మా నాన్నగారు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు కదా అని తీసుకెళ్లా. కారు దిగి నాలుగడుగులు వేసి, వంగి ఒక పెళ్ల చేతిలోకి తీసుకుని "ఇది మన రేగడేరా" అన్నారు. ఆ మాటకి నా మనసు సగం అక్కడే పడిపోయింది. అందుకే భయం కూడా.

2010లో ఈ కౌంటీ జనం 7,82,341. 2020కి 10,64,465. ఇంత వేగంగా ఊరైపోతున్న చోట పొలం కొనడం తెలివైన పనేనా? లేక ఫానిన్, హంట్, గ్రేసన్ కౌంటీల వైపు పోవడమే మేలా? మేమింకా హెచ్-1బి మీదే ఉన్నాం, గ్రీన్ కార్డు లైన్లో. మొహమాటం లేకుండా చెప్పండి.

వెటకారం_వెంకట్రావు

ముందు ఒక సందేహం తీర్చండి బాబూ. మీరడిగే హోమ్‌స్టెడ్ కోళ్లదా, పన్నుదా? టెక్సస్‌లో ఆ మాట అనగానే అందరికీ గుర్తొచ్చేది స్కూలు పన్నులో వచ్చే మినహాయింపు. 2023లో లక్ష డాలర్లు చేశారు, 2025 నవంబరు ఓటింగుతో లక్షా నలభై వేలైంది. ఇంకోటి అప్పులవాళ్ల నుంచి ఇంటికి రక్షణ. పల్లెలో అయితే కుటుంబానికి 200 ఎకరాల దాకా, పట్నంలో అయితే 10 ఎకరాలే. అంటే రాజ్యాంగం రాసినవాళ్లకే తెలుసు, పట్నంలో పదెకరాలు దాటి కోళ్లు పెంచేవాడు దొరకడని.

ఇక నా మాట: ఫ్రిస్కో చుట్టూ కనబడే ప్రతి కాలనీ పేరులో ఒక 'ఫార్మ్స్' ఉంటుంది. ఫార్మ్ ఉండదు. ఏ పొలాన్ని మింగారో దాని పేరే పెట్టుకుంటారు.

లెక్కలమాస్టారు

కోళ్ల సంగతి తర్వాత. ముందు పన్ను లెక్క వినండి, ఇక్కడే చాలామంది బోల్తా పడతారు.

లెక్క సులువు కోసం ఎకరం లక్ష డాలర్లు, పన్ను 2 శాతం అనుకుందాం. ఒక ఎకరం ఇంటికి పోతే మిగిలింది ఆరు. మార్కెట్ ధర మీద కడితే ఏడాదికి 12,000. అదే నేలకి 1-డి-1 (టెక్సస్ రాజ్యాంగంలో సెక్షన్ పేరు) కింద సాగు విలువ ఉంటే, అది ఎంత పండిస్తుందన్నదాని మీద లెక్క కడతారు. ఎకరానికి 300 అనుకున్నా ఆరెకరాలకీ కలిపి పన్ను 36 డాలర్లు. పన్నెండు వేలు ఎక్కడ, ముప్పై ఆరు ఎక్కడ! నెలకి వెయ్యి డాలర్ల తేడా. ఈ కౌంటీలో మీ హోమ్‌స్టెడ్ నిలబడేదీ కూలేదీ దీని మీదే.

ఆ హోదా పొలంతో పాటు దానంతటదే మీకు రాదు. యజమాని మారితే మీ పేరున మళ్లీ దరఖాస్తు పెట్టాలి, ఏప్రిల్ 30 లోపు. గడిచిన ఏడేళ్లలో ఐదేళ్లు సాగులో ఉండాలి, మీరూ ఆ ప్రాంతంలో మామూలుగా జరిగే స్థాయిలో సాగు చేస్తూనే ఉండాలి. రెండు మేకల్ని కట్టేసి ఫొటో తీస్తే సాగు కాదు. ఎన్నెకరాలకి ఎన్ని పశువులు, గడ్డి ఎన్ని కోతలు అన్నది ఏ కౌంటీకి ఆ కౌంటీ రాసుకున్న గైడ్‌లైన్స్ ఉంటాయి, తెచ్చుకుని చదవండి. తేనెటీగలకి చట్టం పెట్టిన హద్దు 5 నుంచి 20 ఎకరాలు. చాలా కౌంటీల్లో మొదటి ఐదెకరాలకి ఆరు పెట్టెలు అడుగుతారు, మీ నాలుగు చాలవు. ఇల్లు కట్టే ఎకరం తీసేస్తే మీకు మిగిలేవి ఆరు కాబట్టి ఐదు దాటి బతికిపోయారు. ఐదెకరాల ముక్క కొని, మధ్యలో ఇల్లు కట్టి, తర్వాత ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్లని చూశాను.

నేల వాడకం మారిస్తే రోల్‌బ్యాక్ పడుతుంది, అంటే వెనకటి ఏళ్లలో తగ్గిన పన్ను తిరిగి కట్టాలి. 2019కి ముందు ఐదేళ్ల తేడా, పైన వడ్డీ. ఇప్పుడు మూడేళ్ల తేడా, వడ్డీ లేదు. ఎంత భాగం మారిస్తే అంతకే. మీరు ఇల్లు కట్టే ఎకరానికీ అది పడితే, పై లెక్క ప్రకారం దాదాపు ఆరు వేలు. పడుతుందో లేదో ముందే అడగండి.

పెట్టుబడి_ప్రసాద్

మాస్టారూ, ఇంత లెక్క ఎందుకు? కొని పడేయమనండి. గడ్డి కోసేవాడికి లీజుకిస్తే హోదా నిలుస్తుంది, పదేళ్లలో రోడ్డొస్తుంది, బిల్డరే ఇంటికొచ్చి అడుగుతాడు. ప్రిన్స్‌టన్ చూడండి, 2023-24లో అమెరికా మొత్తంలో అన్నిటికన్నా వేగంగా పెరిగిన ఊరు, ఒక్క ఏడాదిలో 30 శాతం పైన. అక్కణ్ణుంచి ఫార్మర్స్‌విల్ ఎంత దూరం? అదే 380 రోడ్డు.

లెక్కలమాస్టారు

ప్రసాద్ గారూ, ఆయన అడిగింది కోళ్ల గురించి. మీరు చెబుతున్నది స్థలం గురించి. రెండూ ఒకే సర్వే నంబర్లో ఉన్నా రెండు వేరు వేరు కొనుగోళ్లు. ఆ ప్రిన్స్‌టన్ కథలో రెండో భాగం కూడా చెప్పండి. నీళ్లూ రోడ్లూ పోలీసూ సరిపోక 2024 సెప్టెంబరులో కొత్త ఇళ్ల పర్మిట్లు ఆపేశారు.

ఓరుగల్లు_బిడ్డ

అన్నా, నాది హన్మకొండ. ఇప్పుడు బోన్‌హమ్ పక్కన ఉంటున్న, ఫానిన్ కౌంటీ, 12 ఎకరాలు. ఆరేండ్లయింది.

పట్నం ఎన్కబడి వస్తదని భయపడి నేను ఇంత దూరం ఉరికిన. ఏమైందో తెలుసా? పట్నం రాలే, దాని దూప వచ్చింది. బోయ్ డార్క్ లేక్ అని కొత్త చెరువు గట్టిన్రు. టెక్సస్‌ల దాదాపు ముప్పై ఏండ్లల్ల ఇంత పెద్ద చెరువు కట్టుడు ఇదే మొదలు. దాదాపు 16,600 ఎకరాలు మునిగింది. నీళ్లు మాకు కాదు, మీ ప్లేనో, ఫ్రిస్కో, మెకిన్నీ నల్లాలకి పోతయ్. తప్పని అంటలేను, నేనూ ఒకప్పుడు ఆ నల్లా నీళ్లే తాగిన. దూరం పోతే పట్నం నుంచి తప్పించుకున్నట్టే అనుకోకుండ్రి, గంతే.

మంచి సంగతులు కూడా చెప్తా. ఫీడ్ స్టోర్ పది నిమిషాలు. మేక ఈనేటప్పుడు అడ్డం తిరిగితే రాత్రి పదకొండింటికి ఫోన్ చేస్తే వచ్చే డాక్టరమ్మ ఉన్నది. పక్కింటాయన దగ్గర బేలర్, అంటే గడ్డి మోపులు గట్టే మిషన్, ఉన్నది, గడ్డి సగం సగం పంచుకుంటం. చెడ్డ సంగతి, మా ఇంటామె ప్లేనో ఆఫీసుకి పోవుడు గంటంబావు, రావుడు గంటన్నర. వారానికి మూడు రోజులంటే కాయితం మీద తక్కువనే కనబడ్తది. రెండో చలికాలం వచ్చేసరికి మా ఇంట్ల ఎవరూ ఎవరితో మాట్లాడుకోలే. ఆమె ఉద్యోగం మారినాకనే ఇల్లు ఇల్లైంది.

గోంగూరమ్మ

ఓరుగల్లు తమ్ముడు చివర్లో చెప్పింది అందరూ రెండుసార్లు చదవండి.

నేను అలెన్‌లో పావు ఎకరంలో ఉన్నాను, హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) కింద. ముందు వైపు ఆనపపాదు పందిరి వేశానని ఉత్తరం వచ్చింది. 'తీగ జాతి అలంకరణ లేని మొక్క' అట! వెనక్కి మార్చాను, అది గోడ దాటి పక్కింటి అమెరికన్ ముసలావిడ పెరట్లో కాసింది. ఆవిడ ఇప్పుడు నన్నడక్కుండానే పులుసు పెడుతోంది.

బాటసారి గారూ, ఏడెకరాలు కొనేముందు ఆ ఫ్రిస్కో పెరట్లో ఒక పూర్తి వేసవి చేయండి. జులైలో 105 డిగ్రీల ఫారన్‌హీట్ ఎండలో పొద్దున్నే ఆరింటికి లేచి నీళ్లు పెట్టగలరా, ఆగస్టులో స్క్వాష్ బగ్స్‌ని చేత్తో ఏరగలరా చూసుకోండి. బెండ, గోంగూర, బీర, పొట్ల, అలసంద ఇక్కడి ఎండని లెక్కచేయవు. టమాటా జూన్ చివరికే పూత రాల్చేస్తుంది. కరివేపాకు కుండీలో, నవంబరు మధ్యలో లోపలికి. మునగ మొదలంటా చచ్చినట్టు కనబడుతుంది, మొదట్లో ఆకులు మందంగా కప్పితే మళ్లీ చిగురేస్తుంది, ఒక్కో ఏడు వేయదు. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో నావి అన్నీ పోయాయి, అంజూరం ఒక్కటే వేరు నుంచి లేచింది.

వాన నీటి పీపాలు పెట్టుకోవద్దని హెచ్‌ఓఏ అనడానికి లేదు, టెక్సస్ చట్టం ఒప్పుకోదు. ఎక్కడ పెట్టాలి, ఏ రంగు అన్నది మాత్రం చెప్పొచ్చు. చెబుతారు కూడా. కోళ్లు వేరే సంగతి, ఊరి నిబంధన, హెచ్‌ఓఏ నిబంధన రెండూ చూడాలి.

రేగడి_రైతు

నాన్నగారు కరెక్టుగా పట్టారు. అక్కడి బ్లాక్‌ల్యాండ్ నేలా, మన గుంటూరు నల్లరేగడీ ఒకే వర్గం, వర్టిసాల్స్. అసలు ఇంగ్లీషు పుస్తకాల్లో 'రెగర్' అని రాసేది మన రేగడినే. రెండు చోట్లా పత్తి పండింది అందుకే.

కాబట్టి మన పెద్దవాళ్లకి తెలిసిన బాధలన్నీ అక్కడా ఉన్నాయి. వాన పడితే బూటుకి రెండు కేజీల మట్టి, మూడు రోజులు ట్రాక్టర్ దిగదు. ఎండితే బీటలు. సున్నం ఎక్కువ, ఇనుము ఉన్నా మొక్కకి అందదు, ఆకు పసుపు పచ్చగా అయి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. బ్లూబెర్రీ మాట మర్చిపోండి. ఆపిల్, పీచ్ వేస్తే పత్తి వేరుకుళ్లు పట్టి కాపుకొచ్చిన చెట్టు ఆగస్టులో వారం రోజుల్లో ఆకులతోనే ఎండి నిలబడిపోతుంది. దానికి మందు లేదు. దానిమ్మ, చైనా రేగు పెట్టుకోండి. మళ్లకి కంపోస్టు, కాల్చిన షేల్ రాయి ముక్కలు కలపండి, నేల గుల్లబారుతుంది. ఉల్లి బాగా వస్తుంది. ఒకప్పుడు ఫార్మర్స్‌విల్ పేరే ఉల్లిపాయల మీద ఉండేది.

ఇల్లు కట్టేటప్పుడు పునాది మీద డబ్బు మిగల్చకండి. ఆ నేల ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది. డల్లాస్ వైపు వేసవిలో జనం మొక్కలకే కాదు, ఇంటి పునాదికీ సోకర్ పైపు వేసి నీళ్లు పెడతారు. మా అమ్మకి చెబితే నవ్వాగలేదు.

బోరింగు_బాబు

అందరూ నేల, పన్ను అంటున్నారు. నీళ్లెక్కడివి?

ఊరి హద్దు బయట అంటే మున్సిపల్ పైపు ఉండదు. ఆ ప్రాంతానికి ఒక వాటర్ సప్లై కార్పొరేషన్ ఉంటుంది. అమ్మేవాడు 'రోడ్డు మీద లైను ఉందండీ' అంటాడు. లైను ఉండటం వేరు, మీకు మీటరు ఇవ్వడం వేరు. పైపు సన్నగా ఉంటే కొత్త కనెక్షన్ ఇవ్వరు, లేదా ఆ దూరమంతా పైపు మార్చడానికి మీ చేతే కట్టిస్తారు. రాతపూర్వకంగా ఉత్తరం తెచ్చుకోండి, అది లేకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు. నేనిచ్చాను. పదకొండు నెలలు ట్యాంకరు నీళ్లతో గడిపాను.

బోరు వేసుకోవచ్చు, నార్త్ టెక్సస్ గ్రౌండ్‌వాటర్ జిల్లా కింద నమోదు చేయాలి. కాలిన్‌లో వుడ్‌బైన్ అనే భూగర్భ నీటి పొర అంటేనే వందల అడుగులు, ట్రినిటీ ఇంకా కిందకి. మన ఊరి బోరు ఖర్చు గుర్తు తెచ్చుకుని లెక్కలేయకండి.

డ్రైనేజీకి సొంత సెప్టిక్. రాష్ట్ర నిబంధన ప్రకారం ప్లాటు చేసిన స్థలంలో సొంత బోరైతే కనీసం ఎకరం, పైపు నీళ్లైతే అరెకరం ఉండాలి, ఏడెకరాల్లో మీకా ఇబ్బంది లేదు. ఇబ్బంది రేగడితోనే. నీళ్లు ఇంకవు కాబట్టి మామూలు గొయ్యి పనికిరాదు, ఏరోబిక్ పెట్టిస్తారు. గాలి కొట్టి, క్లోరిన్ వేసి, ఆ నీళ్లని స్ప్రింక్లర్లతో గడ్డి మీద చల్లుతుంది. నాలుగు నెలలకోసారి తనిఖీ. ఆ చల్లే జాగాలో కూరమళ్లు పెట్టకూడదు. మా బావమరిది పెట్టాడు, చెప్పేదాకా మేం తిన్నాం.

వాన నీళ్లు మాత్రం వదలొద్దు. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద అంగుళం వాన పడితే 600 గ్యాలన్లు. అక్కడ ఏడాదికి దాదాపు 40 అంగుళాలు. రెండు వేల అడుగుల షెడ్డు వేస్తే 48,000 గ్యాలన్లు, మేకలకీ మళ్లకీ అదే పెద్ద దన్ను. ట్యాంకులకి సేల్స్ ట్యాక్స్ కూడా లేదు.

వీసా_విశాలాక్షి

ఎవరూ ముట్టుకోని సంగతి ఒకటి. హెచ్-1బి మీద సొంతానికి కోళ్లు పెంచుకోవడం వేరు, గుడ్లు అమ్మడం వేరు. ఆ రెండోది పని కిందకి వస్తుంది, మీ కంపెనీ తప్ప వేరే పనికి మీకు అనుమతి లేదు. మాస్టారు చెప్పిన సాగు హోదా చూస్తే నిజంగా సాగు చేయమంటుంది, వీసా చూస్తే చేయొద్దంటుంది. గడ్డి కోసేవాడికి లీజుకివ్వడం ఈ ముడికి మామూలుగా జనం వెతుక్కునే దారి. లాయర్‌తో మాట్లాడే చేయండి.

రెండోది ఇంకా తక్కువ మందికి తెలుసు. గ్రీన్ కార్డు రానివాళ్లు ఫెడరల్ చట్టం లెక్కలో 'విదేశీ వ్యక్తి'. సాగు నేల పదెకరాలు దాటితే 90 రోజుల్లో వ్యవసాయ శాఖకి ఎఫ్ఎస్ఏ-153 ఫారం ఇవ్వాలి. పదెకరాల్లోపు ఉండి, పంట అమ్మకాలు ఏడాదికి వెయ్యి డాలర్లు దాటకపోతే అక్కర్లేదు. ఇవ్వకపోతే జరిమానా నేల విలువలో 25 శాతం దాకా వెళ్లొచ్చు. ఏడెకరాలు కాబట్టి మీకు ఊపిరి ఉంది. 'పక్క ఐదు కూడా కలిపి తీసుకోండి సార్' అని ఎవరైనా అంటే మాత్రం ఇది గుర్తు పెట్టుకోండి. 1-డి-1 ఫారంలో కూడా విదేశీ యాజమాన్యం గురించి ఒక ప్రశ్న ఉంటుంది, టిక్కు పెట్టేముందు చదవండి.

వెటకారం_వెంకట్రావు

అంటే కోడి గుడ్డు పెట్టొచ్చు, దానికి హెచ్-1బి అక్కర్లేదు. ఆయన అమ్మకూడదు. బాగుంది.

పెట్టుబడి_ప్రసాద్

ఊరి హద్దు బయట జోనింగ్ (ఎక్కడ ఏం కట్టాలో చెప్పే నిబంధన) లేదు, కౌంటీకి ఆ అధికారమే దాదాపు లేదు, ఇది పెద్ద లాభం కదా? ఎవరూ అడ్డు చెప్పరు. పైగా 2023లో రైతు హక్కుని రాజ్యాంగంలోనే పెట్టారు.

బోరింగు_బాబు

మీకు అడ్డు చెప్పనివాళ్లు మీ పక్కవాడికీ చెప్పరు ప్రసాద్ గారూ. మా ఎదురుగా పొలం అమ్మితే కాంక్రీటు కలిపే ప్లాంటు వచ్చింది. పొద్దున నాలుగింటికి లారీలు మొదలు. నా కోళ్లకి కూత పెట్టే పని తప్పింది. బాటసారి గారూ, 380 బైపాస్ మ్యాపూ, కౌంటీ అవుటర్ లూప్ మ్యాపూ, కరెంటు హై టెన్షన్ లైన్ల మ్యాపూ మూడూ ఒకదాని మీద ఒకటి వేసి చూసుకోండి.

ఫ్రిస్కో_బాటసారి

అందరికీ చాలా థాంక్స్. రెండు శనివారాలు తిరిగొచ్చాం, రాస్తున్నాను.

నీళ్ల ఆఫీసుకి వెళ్లాను. బాబు గారు చెప్పినట్టే లైను ఉంది, మీటరు లేదు. ఇంజనీరుతో పరిశీలన చేయించాలి, దానికి మేమే కట్టాలి, తర్వాత చెబుతాం అన్నారు. మ్యాపులు వేసి చూశాను. స్థలం మీదుగా ఏమీ లేదు, లూప్‌కి మరీ దూరమూ కాదు.

ఆగస్టు ఎండలో నాన్నగారితో మళ్లీ వెళ్లాం. బీటలు చూసి నాకు భయం వేసింది. ఆయన చేతికర్ర ఒక బీటలో దించారు, పిడి దగ్గర ఆగింది. లాగితే రాలేదు, ఇద్దరం లాగాల్సి వచ్చింది. "నేల మంచిదే, దీన్ని అనకూడదు" అన్నారు. తర్వాత చుట్టూ చూసి, "రైతెవడూ కనబడట్లేదేంట్రా?" అన్నారు.

ఆ మాట తర్వాత గడ్డి కోసే ఆయన్ని వెతుక్కుంటూ వెళ్లాం. డెబ్బై దాటాయి. అలాంటి ముక్కలు పదకొండు కోస్తున్నారట, అన్నీ మనలాంటివాళ్లవే, ఎవరూ అక్కడ ఉండరు. బేలర్ ఆయన కన్నా కాస్తే చిన్నది. కొడుకులిద్దరూ మెకిన్నీలో ఏసీలు బిగిస్తారు, ట్రాక్టర్ ఎక్కరు. ఈ పని ఎన్నాళ్లు చేస్తారని అడిగితే మోకాలు చూపించారు. ఆయన మానేస్తే వేరే ఎవరున్నారంటే, ఓక్లహోమా నుంచి ఒకతను వస్తాడు కానీ ముప్పై ఎకరాల్లోపు ముక్క ముట్టుకోడు అన్నారు. మాస్టారూ, మీ 36 డాలర్ల లెక్క మొత్తం ఆ మోకాలి మీద నిలబడి ఉంది.

నాన్నగారు, ఆయన అరగంట మాట్లాడుకున్నారు. నేను అటూ ఇటూ చెప్పాల్సి వచ్చింది కానీ ఎడ్ల దగ్గరికొచ్చేసరికి నా అవసరం లేకపోయింది. ఇద్దరికీ చేతులు చాలు.

లెక్కలమాస్టారు

ఇది నేను లెక్కలో వేయలేదు. ఒప్పుకుంటున్నాను.

ఓరుగల్లు_బిడ్డ

అన్నా, మా దిక్కు బేలర్ ఉన్న పక్కింటాయనకి అరవై ఎనిమిది. నేను ఆయన దగ్గర నడుపుడు నేర్చుకుంటున్న. ఎందుకైనా మంచిది.

గోంగూరమ్మ

అయితే కొంటున్నారా లేదా? సస్పెన్సు పెట్టకండి.

ఫ్రిస్కో_బాటసారి

ఏడెకరాలు కొనట్లేదమ్మా. నీళ్ల ఉత్తరం లేకుండా కొనలేను, అమ్మేవాళ్లు అంతదాకా ఆగరు. ఫానిన్ వైపు కూడా వెళ్లట్లేదు. ఓరుగల్లు తమ్ముడి పోస్టు మా ఆవిడకి చదివి వినిపించాను, "రెండో చలికాలం దాకా ఎందుకు, మొదటిదే చాలు" అంది.

గడ్డి ఆయన ఇంటి వెనక అరెకరం ఖాళీగా ఉంది, ఆయన భార్య ఉన్నప్పుడు కూరలు వేసేదట. వేసుకోమన్నారు. డబ్బు వద్దు, శనివారాలు బేళ్లు ఎత్తడానికి రమ్మన్నారు. అది పని కిందకి వస్తుందా విశాలాక్షి గారూ? జనవరి చివర ఉల్లినారు వేద్దామని అనుకున్నాం. అప్పటికి నాన్నగారి ఆరు నెలలూ అయిపోతాయి, వెళ్లిపోతారు. అందుకని ఇప్పుడే మళ్ల కొలతలు వేసి, పుల్లలు పాతి, తాడు కట్టి పెట్టారు. నీళ్లు ఎటు పారాలో కూడా గీశారు. అక్కడ గొట్టం తప్ప కాలవ లేదని చెప్పినా వినలేదు.

వీసా_విశాలాక్షి

బేళ్ల సంగతి లాయర్‌నే అడగండి. డబ్బు చేతులు మారకపోయినా, స్థలానికి బదులు పని అన్న మాట నాకు నచ్చలేదు. ఉల్లిపాయలు తినడానికి మాత్రం ఏ ఫారమూ లేదు.

గోంగూరమ్మ

గోంగూర గింజలు అక్టోబరు ఆఖరుకి ఎండుతాయి. ఎర్ర కాడ, తెల్ల కాడ రెండూ ఉన్నాయి, మే నెలలో చల్లుకుందురు గాని. ఫ్రిస్కో హనుమాన్ గుడికి ఏ శనివారం వస్తారో చెప్పండి, తెచ్చిస్తాను. నాన్నగారు వెళ్లేలోపు ఒకసారి మా ఇంటికీ తీసుకురండి, పక్కింటావిడ ఆనపకాయ పులుసు రుచి చూపిస్తాను.